అయిదు, తొమ్మిది

కళ్ళజోళ్ళాయన అబద్ధం చెప్పాడు. ఏదో ఒకసారి నోరు జారి అన్నమాట కాదు. ఏళ్ళ తరబడి, పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, కుదురుగా కూర్చుని మరీ చెప్పాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆయన మంచివాడు కదా అంటారు. కావచ్చు. చెడ్డవాడి అబద్ధం నాలుగు రోజుల్లో కంపు కొడుతుంది. మంచివాడి అబద్ధమే మాగబెట్టినట్టు నిలవుంటుంది.

అది బయటపడిన రోజు పొద్దున వైండింగాయన తన కొట్లో నీళ్ళ మోటారు పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. కాలిన మోటారు వాసన చాలామందికి పడదు. మాడిన వార్నిషూ, మాడిన కాగితమూ కలిసి గొంతులో గీరుకుంటుంది. ఆయనకు ఆ వాసన లేని చొక్కా లేదు. ఉలితో ఒక పక్క చుట్ల తలలు నరికేసి, రెండో పక్కనుంచి పటకారుతో లాగుతున్నాడు. నల్లబడ్డ రాగితీగ, పుచ్చిపోయిన పన్ను వేళ్ళతో సహా వచ్చినట్టు, కట్టలు కట్టలుగా ఊడి వస్తోంది. బొటనవేళ్ళ మీద పగుళ్ళు, పగుళ్ళలో ఇంకిపోయిన నలుపు. సబ్బుతో పోయే నలుపు కాదది. ఎడమకాలు మడవదు కాబట్టి పీట మీద కూర్చుని ఆ కాలు వీధివైపు చాపుకుంటాడు. వచ్చేవాళ్ళు దాన్ని దాటుకుని లోపలికి రావాలి. అలవాటైనవాళ్ళు చూడకుండానే దాటతారు.

చేతులు పనిలో ఉన్నాయి కానీ మనసు పనిలో లేదు. కళ్ళజోళ్ళాయన గొంతు విని కొన్నాళ్ళయింది.

రోజూ పాలు పొంగే వేళకు వైండింగాయన ఇంట్లో మెట్ల కింద గదిలో రేడియో ముందు కూర్చుంటాడు. వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, అక్షరాలూ అంకెలూ కలిపి సర్కారు ఇచ్చిన పిలుపుపేరుతో, సొంత యంత్రం మీద, డాబా మీద కట్టుకున్న సొంత ఏరియల్ తీగ మీద ఊరూ ఊరూ మాట్లాడుకునే జనం కొందరున్నారు. ఫోనుండగా ఇదెందుకు అని అడిగేవాళ్ళకు వాళ్ళు జవాబు చెప్పరు. గాలం వేసుకుని కూర్చున్నవాడిని, బజార్లో చేపలు దొరుకుతున్నాయి కదా అని అడిగినట్టుంటుంది.

వాళ్ళలో వాళ్ళకు పలకరింపు తర్వాత మొదటి ప్రశ్న క్షేమమా అని కాదు. ఎంత వస్తున్నాను అని. అవతలివాడు రెండంకెలు చెప్పాలి. మాట ఎంత తెలుస్తోందో అయిదుకు ఒక అంకె. ఎంత బలంగా వస్తోందో తొమ్మిదికి ఒక అంకె. అయిదు, తొమ్మిది అంటే ఇంక పైన లేదని. ఆ అంకెలు సరదాకి కూడా పెంచి చెప్పకూడదని వైండింగాయన నియమం. చాలామంది మొహమాటానికి అందరికీ అయిదు తొమ్మిది పారేస్తారు. వాళ్ళను ఆయన లెక్కలోకి తీసుకోడు. ముఖం చూడని మనిషి చెప్పిన అంకెను నమ్మి ఇవతలివాడు తీగ ఎత్తుకోవడానికి నిచ్చెన ఎక్కుతాడు. నిచ్చెన ఎక్కించే మాట తూకం రాయిలా ఉండాలి.

అలాంటి తూకం రాయి ఆయనకు ఒక్కడే ఉన్నాడు. పక్క ఊళ్ళో కళ్ళజోళ్ళు అమ్ముకునే ఆయన. బస్సులో రెండు గంటల ప్రయాణం. ఇన్నేళ్ళలో ముఖాముఖీ కలిసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా వైండింగాయన భార్య రేడియోలో ఆయన గొంతు విని "అన్నయ్యా" అని పిలవడం మొదలుపెట్టింది. దాంతో వీళ్ళిద్దరూ బావా బావా అయిపోయారు. ఆవిడ పోయినా వరస పోలేదు.

ఆ పొద్దున రేడియోలో బావ పలక్కపోతే వైండింగాయన మనసొప్పక ఫోన్ చేశాడు.

"గాలివానకి వైరు తెగింది బావా," అన్నాడు కళ్ళజోళ్ళాయన, దగ్గు ఆపుకుంటూ. "ఈ వయసులో ఎక్కి కట్టలేను కదా. ఎవరిచేతనైనా కట్టించి వస్తాలే."

ఎవరిచేత కట్టిస్తాడు? ఇంటికి రంగులేసేవాడిచేతా? ఆ పని తనే చూడాలనుకున్నాడు వైండింగాయన. పటకారు కింద పెట్టాడు.

"ఏం అన్నా, మోటారు ముందు కూర్చుని ధ్యానమా?" అన్నాడు పక్క కొట్లోంచి సైకిలు షాపతను. "అది లేచి వరమిస్తుందనా?"

"ముందు నీ నోటికి పంచరేసుకో."

"నాది ట్యూబ్‌లెస్ నోరన్నా. మేకు దిగినా గాలి పోదు."

"అందుకే పొద్దుటినుంచీ కొడుతున్నావు గాలి. కొట్టు చూస్తూ ఉండు. మా బావ వాళ్ళ ఊరెళ్ళొస్తాను. తీగ తెగిందట."

సైకిలు షాపతను నవ్వు ఆపి ఆ చాపిన కాలు వైపు చూశాడు. "ఈ కాలేసుకుని డాబాలెక్కుతావా? వదినే ఉంటే రెండో కాలు తనే విరిచేది."

"ఎక్కను. ఎక్కనని మాటిచ్చాను. కింద నించుని చెప్తాను, పైన ఎవడో ఒకడు కడతాడు."

సంచిలో గట్టి రాగితీగ చుట్టా, పింగాణీ కాయలూ, నైలాను తాడూ, టంకం కడ్డీ పెట్టుకున్నాడు. అన్నిటికన్నా అడుగున, పాత చొక్కాలో చుట్టి, ఒక కాయిలు పెట్టాడు. తెల్ల ప్లాస్టిక్ గొట్టం మీద చుట్టుకు చుట్టు తగలకుండా, వెంట్రుక తేడా లేకుండా చుట్టి, వార్నిషు పట్టించి ఎండబెట్టిన కాయిలు. తన తీగకు ఉన్నదానికి జంట. ఎన్నాళ్ళనుంచో బావకు ఇద్దామనుకుంటున్నదే. ఇప్పుడు వేళ వచ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాలు నడవలోకి చాపాడు. కండక్టరు దాన్ని తిట్టుకుంటూ దాటాడు.

ఆయన మొదటి రేడియో సబ్బుపెట్టెలో పుట్టింది. ఊరి బడిలో చదువుకునే రోజుల్లో, ఎవరో పారేసిన చెవి గొట్టమూ, కంచె తీగా, బియ్యపు గింజంత గాజు డయోడు ముక్కా పెట్టి చేశాడు. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. పశువుల కొట్టం వెనక కూర్చుని చెవిలో పెట్టుకుంటే ఎవరో మనిషి, చాలా దూరంనుంచి, తనకొక్కడికే చెబుతున్నట్టు గుసగుసలాడాడు. ఏం చెప్పాడో గుర్తులేదు. చెప్పింది తనకే అనిపించింది. ఆ అనిపించడమే ఆయన కొంప ముంచింది.

పట్నం వచ్చి వైండింగు పని నేర్చుకునే రోజుల్లో రంపపు బ్లేడు విరిచి, దానికి సొరుగు గుండీ బిగించి, టిక్కు టిక్కుమని సంకేతాలు కొట్టే మీట చేశాడు. మంగలి షాపులో చచ్చిపోయిన రేడియోలోంచి ఊడదీసిన గాజుబుడ్డితో యంత్రం. అప్పుడే కాపురానికొచ్చిన భార్య గుమ్మంలో నించుని, "ఏంటండీ ఆ టకటక? వడ్రంగిపిట్టను కట్టుకున్నానా ఏంటి?" అంది.

ఆ తర్వాత పాత ఇనుము కొట్లోంచి ఆకుపచ్చ సైనికుల పెట్టె. మొయ్యడానికి ఇద్దరు కావాలి. అది వెలిగిస్తే ఇంట్లో దీపాలు కుంగిపోయేవి. పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసి, "అమ్మాయ్, మీ ఆయన మా టీవీలోకి వచ్చి ఎంత వస్తున్నాను, ఎంత వస్తున్నాను అని అడుగుతున్నాడు. ఇంటికి పిలుచుకో తల్లీ," అని అరిచేది. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ పెట్టె పోయి, అల్యూమినియం రేకు మీద చేత్తో కట్టుకున్న కొత్త రకం యంత్రం వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకు తిరిగినట్టు తిరిగాడు దానితో. గాలిలో అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఒక కొత్త గొంతు మాత్రం అంది: "ఏమీ అనుకోకండి. బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టుంది. మాటకు మూడు. అంతకన్నా ఇవ్వలేను."

రెండు రోజులు ఆ గొంతును తిట్టుకున్నాడు. మూడో రోజు యంత్రం విప్పి చూస్తే మైకు దగ్గర ఒక ముక్క తప్పు కట్టి ఉంది. తానే కట్టాడు. ఆ రోజునుంచి ఆ గొంతు ఏం చెబితే అదే. అదే కళ్ళజోళ్ళాయన.

తర్వాత ఎవరో వాడి వదిలేసిన కంపెనీ సెట్టు. ఆ తర్వాత, చిట్టచివరకు, టిఫిన్ డబ్బా అంత కొత్త సెట్టు, ముందు అంకెలు నీలంగా వెలిగేది. యంత్రాలు మారాయి కానీ బలం అంకె నాలుగు దాటలేదు. తీగ ఎత్తు చాలదన్నాడు బావ. ఎత్తాడు. ఇంకా చాలదన్నాడు. గుంజకు గుంజ అతికించి, పైకెక్కి కడుతుండగా జారి పడ్డాడు. తుంటి విరిగింది. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని భార్య చెయ్యి చాపింది. ఇంకెప్పుడూ ఎక్కనని ఆ చేతిలో చెయ్యి వేశాడు. ఆయన మాట ఇచ్చేది అరుదు. ఇస్తే తప్పినట్టు చెప్పగలిగినవాడు లేడు.

ఎక్కలేనివాడు ఏం చెయ్యాలి? చేతిలో ఉన్న విద్యతోనే దారి వెతికాడు. తక్కువ ఎత్తున్న తీగకు కాయిలు తగిలిస్తే ఎత్తు లోటు తీరుతుందని పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో ఉన్నట్టు కాదు, తన లెక్క ప్రకారం చుట్టాడు. కర్ర చేతపట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళి, కింద నించునే తగిలించాడు. మర్నాడు పొద్దున అడిగాడు, ఎంత వస్తున్నాను అని.

కాసేపు ఆగి బావ గొంతు: "అయిదు, తొమ్మిది! ఏం చేశావు బావా?"

వంటింట్లోకి వెళ్ళి, "తొమ్మిదే!" అన్నాడు. గరిటె తిప్పుతూ ఆవిడ, "అవునా!" అంది కళ్ళు పెద్దవి చేసి.

ఆ రోజునుంచి రోజూ తొమ్మిదే. రోజూ వంటింటి గుమ్మం దగ్గర చెప్పేవాడు. రోజూ ఆవిడ, "అవునా!" అనేది. పొద్దున్నే రేడియోలో అందరి పేర్లూ పిలిచి హాజరు తీసుకునే మాష్టారూ, మిగతావాళ్ళూ అడిగి తెలుసుకుని అలాంటి కాయిలే చుట్టుకున్నారు. ఎవరికీ పని చెయ్యలేదు. "చుట్టేది చేతులతో నాయనా, కట్టెలతో కాదు," అన్నాడు వైండింగాయన అందరూ వింటుండగా. ఎవరూ ఎదురు చెప్పలేదు. జీవితంలో ఆయన అన్న ఒకే ఒక గొప్ప మాట అది. మోటార్లు చుట్టినవాడిగా పోకుండా, ఆ కాయిలు చుట్టినవాడిగా పోతే చాలనుకున్నాడు.

బస్సు దిగి, అడుగుకొకసారి ఆగుతూ వీధి మొదట్లోకి వచ్చాడు. ఈ జనం ఒక ఇంటికి వెళితే ముందు గుమ్మం చూడరు, కప్పు చూస్తారు. పాత ఇల్లు పడగొట్టి అంతస్తులు వేశారని విన్నాడు కానీ చూడలేదు. అందుకని దూరంనుంచే తల ఎత్తి వెతికాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ఆరేసిన దుప్పట్లున్నాయి. గుంజ లేదు.

ఈ ఇల్లు కాదనుకున్నాడు. కింద కొట్టు మీద పెద్ద కళ్ళు రెండు గీసిన బోర్డు ఉంది. ఇల్లే. ఎదుటి వైపుకి దాటి మళ్ళీ చూశాడు. గాలికి తీగ తెగుతుంది, గుంజ వంగుతుంది. గుంజ పాతిన చోటు ఎక్కడికీ పోదు. పిట్టగోడ నున్నగా, ఒక మేకు గుర్తు కూడా లేకుండా ఉంది.

తలుపు తీసింది కళ్ళజోళ్ళాయన భార్య. "అన్నయ్యగారూ! మీరా! చెప్పాపెట్టకుండా! రండి రండి. ఆ సంచేంటి?"

"తీగమ్మా. తెగిందన్నాడు కదా."

"ఏం తీగ?" అంది ఆవిడ. అన్నాక నోరు మూసుకుంది.

కళ్ళజోళ్ళాయన లోపలి గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఎముకల మీద చొక్కా తగిలించినట్టుంది. తలగడ పక్కన సెల్‌ఫోను, చెవుల్లో పెట్టుకునేవి. గదిలో ఎక్కడా రేడియో లేదు. బల్ల లేదు. గోడలోంచి బయటికి తీగ వెళ్ళే కన్నం లేదు. వైండింగాయన చూపు వీటన్నిటి మీదా ఒక్కొక్కటిగా ఆగింది.

"కూర్చో బావా."

"పైన గుంజ లేదు."

"ముందు కూర్చో."

"పాతిన గుర్తు కూడా లేదు."

"ఇల్లు కట్టినప్పుడు తీసేశాను. పైన అద్దెవాళ్ళొచ్చారు. మళ్ళీ పెట్టలేదు." ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చూపించాలా వద్దా అన్నట్టు పట్టుకున్నాడు. "రేడియో క్లబ్బువాళ్ళ స్టేషనుంది కదా, కొండ మీద. ఇందులోంచే దాన్ని నడపొచ్చు. ఇక్కడ మాట్లాడితే అక్కడినుంచి వెళుతుంది. అక్కడ విన్నది ఇక్కడికొస్తుంది. పిడుగు పడి మొన్న అది పాడైంది. అందుకే రాలేదు. నీకు చెప్పలేక తీగ తెగిందన్నాను."

కొండ మీద క్లబ్బు టవరు వైండింగాయన ఫోటోలో చూశాడు. ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుంటుంది. దానికి చీమ దగ్గినా అయిదు, తొమ్మిదే.

"ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు బావా. అందులో దాచేదేముంది, మెంబర్లందరూ వాడేదే."

కట్టెలతో కాదు నాయనా అన్నప్పుడు గాలిలో నిశ్శబ్దం. అది గౌరవమనుకున్నాడు.

సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు వైండింగాయన. కాలు మడవలేక మంచం కోడుకు ఆనింది. "ఇల్లు కట్టకముందు మాటేంటి? నేను కాయిలు పెట్టిన రోజు. అప్పుడు నీ ఇంట్లో నీ తీగ ఉంది. అది చెప్పు."

కళ్ళజోళ్ళాయన ఫోను దిండు కిందికి తోశాడు. జవాబు ఆయన భార్య చెప్పింది, నీళ్ళగ్లాసు పట్టుకుని గుమ్మంలో నించుని. "ఈయన్నేమీ అనకండి అన్నయ్యగారూ. వదినే అడిగింది."

"ఎవరు?"

"వదిన. మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. ఎక్కనని మీరు చేతిలో చెయ్యేశారట. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. 'మాటైతే ఇచ్చారు గానీ నాకు నమ్మకం లేదు అన్నయ్యా. మీరు తక్కువన్నారంటే మళ్ళీ ఎక్కుతారు. ఈసారి ఎక్కితే నాకు దక్కరు. ఎంతొచ్చినా ఎక్కువేనని చెప్పండి' అని."

"చెల్లెలు అంతలా ఏడిస్తే ఏ అన్న కాదంటాడు బావా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

వైండింగాయన ఆ మాట వినిపించుకోలేదు. "ఎంత వచ్చాను ఆ రోజు?"

"ఇప్పుడదెందుకు?"

"అంకె చెప్పు."

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు తీసి, దుప్పటి అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "బలం రెండు. అంతకుముందుకన్నా తగ్గింది. మాట సగం కూడా తెలియలేదు. ఏం చేశావో చెబుతున్నావు, ఏమీ అర్థం కాలేదు. నవ్వుతున్నావని మాత్రం తెలిసింది. తొమ్మిదన్నాను." దగ్గాడు. "ఆ తర్వాత రోజూ అదే అవస్థ. నువ్వేమంటున్నావో తెలియకుండానే ఊఁ కొట్టేవాణ్ణి. కొండ స్టేషను వచ్చాకే నీ మాట పూర్తిగా విన్నాను. అందులో చేరింది నీకోసమే బావా."

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను మోటారులో బేరింగు అరిగిందని వైండింగాయన చెవి దానంతటది గుర్తించింది.

"మూడన్నావు చూడు మొదట్లో," అన్నాడు లేస్తూ. "అప్పుడు మనిషివి."

"బావా, ఒక్కమాట..."

"వద్దు."

"టీ పెడుతున్నా అన్నయ్యగారూ, తాగి వెళ్ళండి. ఎండలో పడి..."

"వద్దమ్మా." సంచి భుజానికి వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకు ఆలస్యమవుతుంది. తొడుక్కుని వీధిలోకి దిగాడు.

తిరుగు బస్సులో నించునే వచ్చాడు. ఊరి చివర బ్రిడ్జి మీద సంచిలోంచి పాత చొక్కా మూట తీసి, విప్పి, కాయిలును కిటికీలోంచి కిందికి వదిలాడు. నీళ్ళలో పడిందో గట్టు మీద పడిందో చూడలేదు. చొక్కా మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

కొట్టుకొచ్చి మోటారు ముందు కూర్చున్నాడు. ఖాళీ చేసిన గాడుల్లో కాగితం పరిచాడు. కొత్త తీగ కట్ట ఒక్కొక్కటీ పెట్టి, వెదురుబద్దతో లోపలికి అదిమాడు. ఈ పనిలో ఎవడినీ అడగక్కర్లేదు. స్విచ్చి వేస్తే తిరుగుతుంది, లేకపోతే పొగ వస్తుంది. మోటారుకు మొహమాటం లేదు.

సైకిలు షాపతను ముఖం చూసి, ట్యూబ్‌లెస్ నోరు కూడా మూసుకుని, టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. అది చల్లారి మీగడ కట్టింది.

అబద్ధానికి ఏడవలేదు ఆయన. ప్రాణం కాపాడుకోవాలనే కదా చేసింది అని ఎవరైనా చెప్పగలరు. ఆ ముక్క చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. కానీ ఎక్కనని చేతిలో చెయ్యి వేశాడు. వేశాక ఎక్కలేదు. రెండన్నా ఎక్కేవాడు కాదు, సున్నా అన్నా ఎక్కేవాడు కాదు. ఇంకో కాయిలు చుట్టుకునేవాడు, దాని తర్వాత ఇంకోటి. ఎప్పటికో ఒకటి నిజంగా పనిచేసేది. చేసేది కాదేమో. అది తేలేది. ఆవిడ మాట తీసుకుంది, ఆ మాటను నమ్మలేదు. నమ్మక, పరాయి ఊళ్ళో మనిషిని కాపలా పెట్టింది. ఆ పైన ప్రతి పొద్దునా గరిటె తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసి, అవునా అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన వెతకను కూడా లేదు.

అడుగుదామంటే మనిషి లేదు. చచ్చినవాళ్ళతో ఇదే చిక్కు. మాట వాళ్ళదే చివరిదవుతుంది.

మోటారు పూర్తి చేసి, వార్నిషు పోసి, ఆరబెట్టి ఇంటికి వెళ్ళాడు. మెట్ల కింద గదికి గొళ్ళెం పెట్టాడు.

తర్వాత కొన్నాళ్ళకు మాష్టారు ఫోన్ చేశాడు. కళ్ళజోళ్ళాయన పోయాడు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. "ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పడుకున్నాడట," అన్నాడు మాష్టారు. "కొండ స్టేషను బాగుచేశాం కదా. మీరు వస్తారేమోనని రోజూ వినేవాడట."

వైండింగాయన సరే అన్నాడు. బస్సు ఎక్కలేదు.

వాళ్ళ జనంలో ఒక ఆచారం ఉంది. ఒకరు పోతే మర్నాటి హాజరులో, పోయినవాడికి అందరికన్నా దగ్గరివాడు ఆయన పిలుపుపేరును మూడుసార్లు పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఆగి చెవి ఒగ్గాలి. జవాబు రాదు. రాలేదని ఆ మనిషే అందరికీ చెప్పాలి. అప్పుడు అందరూ కాసేపు ఊరుకుంటారు. ఆ పిలుపు మీరే పిలవాలని మాష్టారు అడిగాడు. మీరు కాక ఇంకెవరున్నారని అడిగాడు.

మర్నాడు పొద్దున వైండింగాయన గొళ్ళెం తీశాడు. సెట్టు మీద దుమ్ము తుడవకుండానే వెలిగించాడు. అంకెలు నీలంగా వెలిగాయి. మాష్టారు గొంతు బరువుగా, పేరుపేరునా హాజరు తీసుకుని, చివరికి ఈయన పేరు పిలిచి ఆగింది.

మైకు నొక్కాడు. "ముందు నేనెంత వస్తున్నానో చెప్పండి."

"అయిదు, తొమ్మిది," అన్నాడు మాష్టారు, అలవాటుగా.

"మాష్టారూ."

దూరాన ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మూడు... రెండు," అన్నాడు మాష్టారు. "కష్టంగా వస్తున్నారు. మీరేమంటున్నారో ఊహించుకుంటున్నాం."

"సరే. పిలిచే పని ఇంకెవరికైనా చెప్పండి."

సెట్టు ఆపేశాడు. పిలిస్తే పలకడనే భయం కాదు. పలికినా నమ్మడానికేముందని.

ఆ పగలు తీగ దించాడు. కిందనుంచే తాడు వదులు చేస్తూ, పామును దించినట్టు దించి, చుట్టచుట్టి, తీగకున్న కాయిలూ, తాడుతో సహా పాత ఇనుము కొట్లో పడేశాడు. సెట్టు దాని డబ్బాలోకి వెళ్ళింది. డబ్బా అటక మీదికి వెళ్ళింది.

వీధి మలుపులోంచి వైండింగాయన ఇంటి డాబా చూసి సైకిలు షాపతను ఉండబట్టలేక అడిగాడు. "ఏంటన్నా, పైన బోసిగా ఉంది? తీగేమైంది? మీ బావ..."

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు వైండింగాయన. గొంతు పెంచలేదు. చేతిలో వెదురుబద్ద ఆపలేదు. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మాష్టారు ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసి మానుకున్నాడు. వైండింగాయన తన నోటితో బావ అనే మాట గానీ, ఆవిడ ఆస్పత్రి రోజుల సంగతి గానీ మరెన్నడూ అనలేదు.

గుంజ మాత్రం ఉండిపోయింది. దాని కొసన ఇనుప కప్పీ ఒకటి ఉంది. ఆయన పడ్డ తర్వాత, పైకెక్కే పని లేకుండా కిందనుంచే తీగ దించుకోవచ్చునని ఆవిడ ఎవరినో పిలిపించి కొట్టించినది. దాన్ని ఊడదీయాలంటే ఎక్కాలి. ఆయన ఎక్కనని మాటిచ్చాడు. తాడు లేని కప్పీ గాలి వచ్చినప్పుడల్లా, పైన, కిర్రుమంటూ తిరుగుతుంది.